బోటు సీట్ల పనే చేస్తానంటున్నాడు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా అబ్బాయి ఇంటర్ అయ్యాక కారు సీటు కవర్ల షాపులో చేరాడు. ఈమధ్య పాపికొండల బోటు ఒకదాని సీట్లన్నీ వాడే బాగు చేశాడు. ఇక బోటు సీట్ల పనే చేస్తానంటున్నాడు. మాకేమో డిగ్రీ చేయించాలని ఉంది. ఈ పనిలో భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి

జవాబు: ఉందండీ. పని మీద అంత ఇష్టం ఉన్న పిల్లాణ్ని ఆపకండి. అయితే బోట్లనే నమ్ముకుంటే ఏడాదంతా గడవదు. గోదావరికి వరద వచ్చినప్పుడు బోట్లు ఆగిపోతాయి, యజమానులు మరమ్మతులు పెట్టుకునేది ఎక్కువగా అప్పుడే. మిగతా నెలల్లో బస్సు సీట్లు, హోటల్ సోఫాలు, ఆసుపత్రి బెడ్లు, ఏ కుషన్ వర్క్ వచ్చినా కాదనకూడదు.

మీవాడికి కుట్టు వచ్చు. బోటు సీటుకు అది సగం పనే. పాత సీటు విప్పి చూడమనండి. పైకి కనిపించేది రెక్సిన్ చిరుగు. లోపల మాత్రం కుట్టు రంధ్రాల్లోంచి దిగిన నీళ్లు ఫోమ్‌లో నిలిచి, అడుగు చెక్క పుచ్చి, స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి ఉంటాయి. ఆ చెక్క మీదే కొత్త రెక్సిన్ లాగి కొడితే ఎక్కువ రోజులు నిలవదు. అడుక్కి ఐఎస్ 710 మార్కు ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేయాలి, నీళ్లు దిగిపోవడానికి దానికి రంధ్రాలు పెట్టాలి. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. విశాఖలో సముద్రం మీద తిరిగే బోట్లయితే ఉప్పునీటికి బాగా తట్టుకునే 316 గ్రేడు స్టీలు మంచిది. నూలు దారం తడికి కుళ్లిపోతుంది, ఎండకు తట్టుకునే పాలిస్టర్ దారమే వాడాలి. కూర్చునే చోట కుట్టు రాకుండా పక్కకు తిప్పి కత్తిరించడంలోనే పనితనమంతా ఉంది. పాత కవరును చింపకుండా కుట్లు విప్పి, ముక్కముక్కకీ నంబరు రాసుకుంటే అదే కొలతకు పనికొస్తుంది.

కొన్ని బోట్లలో సీటు కింద పెట్టెలో లైఫ్ జాకెట్లు ఉంటాయి. ఫోమ్ మందం పెంచి మూత బిగుసుకుపోయేలా చేయకూడదు, ఒంటిచేత్తో లేవాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాన్ని మన ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. ఈ ఒక్క విషయం మీవాడికి గట్టిగా చెప్పండి.

ఇక చదువు సంగతి. రోజూ కాలేజీకి వెళ్లే డిగ్రీ కన్నా ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు ఇతనికి ఎక్కువ ఉపయోగం, ఏడాది కోర్సే. చెక్కపని వస్తే సీటు మొత్తం తనే కట్టగలడు. డిగ్రీ కావాలంటే దూరవిద్యలో పక్కన చేసుకోవచ్చు. ఆ తర్వాత కొన్నాళ్లు కేరళ పంపండి. అలప్పుళ హౌస్‌బోట్లలో ఈ పని చేసేవాళ్ల దగ్గర చేరితే చెయ్యి బాగా తిరుగుతుంది.

సొంత షాపుకి తొందరపడి వడ్డీకి తేవద్దు. మందపాటి రెక్సిన్ కుట్టడానికి వాకింగ్ ఫుట్ మిషను, కంప్రెసరు, స్టేపుల్ గన్ ఉంటే మొదలుపెట్టొచ్చు. పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుషన్ వర్క్ విడిగా లేదు, కానీ వడ్రంగి, దర్జీ, పడవల తయారీ ఉన్నాయి. అర్హత కుదిరితే తనఖా లేకుండా, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు ఇస్తారు. ఈలోగా ప్రతి సీటుకీ విప్పకముందు, విప్పాక, బిగించాక మూడు ఫొటోలు తీసి పెట్టుకోమనండి. రేపు గండిపోచమ్మ రేవులో కొత్త యజమాని దగ్గరికి వెళ్లినప్పుడు చూపించాల్సింది అవే.