గడ్డం మనిషా, తల వంచుకున్న కుర్రాడా?

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో గీసిన ‘మత్తయికి పిలుపు’లో (సుంకాలు వసూలు చేసే మత్తయిని యేసు శిష్యుడిగా పిలిచే దృశ్యం) మత్తయి ఎవరో తేలడం లేదని అడిగారు కదా. బల్ల మధ్యలో ఉన్న గడ్డం మనిషే అని నా అభిప్రాయం. మీ అనుమానం మాత్రం ఉత్తది కాదు. ఆ గడ్డం మనిషి వేలు తన గుండె వైపు ఉందా, చివర కూర్చుని డబ్బులు లెక్కపెట్టుకుంటున్న కుర్రాడి వైపు ఉందా అన్నది పండితుల మధ్య కూడా నలుగుతున్న ప్రశ్నే.

నన్ను ఒప్పించింది పక్క చిత్రాలు. ఈ బొమ్మ రోమ్‌లోని సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ చర్చిలో, కాంతరెల్లి చాపెల్ (చర్చి లోపలి చిన్న ప్రార్థనా మందిరం) ఎడమ గోడకు ఉంది. 1599-1600 నాటిది. ఎదురుగోడ మీద మత్తయి హతసాక్షి మరణం (విశ్వాసం కోసం ప్రాణం పోగొట్టుకోవడం), బలిపీఠం మీద ఆయన సువార్త రాస్తున్న దృశ్యం. రెండింటిలోనూ మత్తయికి గడ్డం ఉంది. మూడూ కలిపి చూసే భక్తుడికి ఇక్కడ మాత్రం కుర్రాడు కనిపిస్తే అయోమయమే కదా!

వెలుగునూ గమనించండి. బొమ్మలో కిటికీ ఉన్నా వెలుగు దాంట్లోంచి రావడం లేదు, యేసు తల పైనుంచి వస్తోంది. ఆయన చెయ్యి మికెలాంజెలో గీసిన ఆదాము (బైబిల్లో మొదటి మనిషి) చేతిని గుర్తు చేస్తుంది. క్రైస్తవంలో యేసును రెండో ఆదాము అంటారు కాబట్టి అది ఊరికే వచ్చిన పోలిక కాదనుకుంటాను.

బైబిల్లో మత్తయి సువార్త 9:9 ఒకసారి చదవండి. సుంకపు మెట్టు (సుంకం వసూలు చేసే చోటు) దగ్గర కూర్చున్నవాడు పిలవగానే లేస్తాడు. కారవాజ్జో పట్టుకున్నది లేవడానికి ముందు క్షణాన్ని, ‘నన్నేనా?’ అనే దాన్ని. కుర్రాడికి ఆ పిలుపే ఇంకా వినిపించలేదు.