ఒక్క క్యాప్సూల్ పెంచితే మనిషి ఎందుకు తూలుతున్నాడు?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు. ఫిట్స్‌కి చాన్నాళ్ళుగా ఫెనిటాయిన్ రోజుకు 300 మి.గ్రా. వాడుతున్నారు. నెల కిందట మళ్ళీ ఒకసారి ఫిట్స్ వస్తే 400 చేశారు. రెండు వారాలు బాగానే ఉన్నారు. ఇప్పుడు నడుస్తుంటే తూలుతున్నారు, ఒకటి రెండుగా కనిపిస్తోందంటున్నారు. పెంచింది ఒక్క క్యాప్సూలే కదా? మందు పడలేదనుకుని ఆపేయమంటారా?

జవాబు: మొదటి మాట, మీ అంతట మీరు ఆపకండి. రెండో మాట, వచ్చే నెల ఎలాగూ చూపించుకోవాలి కదా, అప్పుడే అడుగుదామని ఊరుకోకండి. డోసు పెంచిన డాక్టరుగారికి ఇవాళే ఫోన్ చేసి తూలుతున్నారని, రెండుగా కనిపిస్తోందని చెప్పండి. ఫోన్లో దొరక్కపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తంలో ఫెనిటాయిన్ లెవెల్ చూడమనండి. మగతగా పడి ఉంటున్నా, వాంతులవుతున్నా, మాట పొంతన లేకుండా ఉన్నా, పడి తలకు దెబ్బ తగిలినా నేరుగా ఎమర్జెన్సీకే. అప్పటిదాకా ఒంటరిగా మెట్లు ఎక్కనివ్వకండి, బండి తాళాలు దాచేయండి.

ఇక ఎందుకిలా అవుతుందో చెబుతాను. నేను డాక్టర్ని కాను, 14 ఏళ్ళుగా ఈ మందు మింగుతున్నవాణ్ణి. మీ నాన్నగారికి జరుగుతున్నది నాకు అచ్చంగా జరిగింది. ఆ 300, 400 అంకెలతో సహా.

అప్పట్లో నా బరువు 60 కిలోలు. 300 మీద ఉండగా ఒకసారి నిద్రలో ఫిట్స్ వచ్చింది. 400 చేశారు. లెవెల్ ఎవరూ చూడలేదు, అలాంటి పరీక్ష ఒకటుందని నాకూ తెలియదు. పది రోజులు ఏ తేడా లేదు. మూడో వారంలో మెట్లు దిగబోతే ఒక్కో మెట్టు రెండుగా కనిపించడం మొదలైంది. గోడ పట్టుకుంటే తప్ప ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళలేను. మాట ముద్దగా వచ్చేది. ఆఫీసులో పొద్దున్నే తాగొస్తున్నాడని పేరు కూడా పడింది. ఈ మందు నాకు సరిపడలేదని నాకు నేనే తేల్చుకుని, ఇంట్లో కూడా చెప్పకుండా మొత్తం మానేశాను. మూడు రోజులు హాయిగా ఉంది. తూలు తగ్గింది, చూపు తేటపడింది, నా తెలివికి నేనే మురిసిపోయాను. నాలుగో రోజు తెల్లవారుజామున బాత్రూములో పడ్డాను. నాలుక తెగింది, భుజం జారింది.

ఆసుపత్రిలో లెవెల్ చూస్తే 3 వచ్చింది. ఉండాల్సింది 10 నుంచి 20 మధ్య, అంటే ఒక మిల్లీలీటరుకు అన్ని మైక్రోగ్రాములు. డ్యూటీ డాక్టరు ఆ కాగితం చూసి, 400 వేసుకుంటున్నా ఇంత తక్కువుందంటే ఇంకా పెంచాలన్నారు. అప్పుడు గానీ నేను మానేసిన సంగతి బయటపెట్టలేదు. సిగ్గేసింది మరి. ఇంకో నిమిషం నోరు మూసుకుని ఉంటే 500 రాసేసేవారు, కథ ఇంకోలా ఉండేది.

తర్వాత చూసిన న్యూరాలజిస్టుగారు ఒక చీటీ వెనక లెక్క వేసి చూపించారు. అది ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

మనం వాడే మందుల్లో చాలావాటి లెక్క సూటిగా ఉంటుంది. డోసు రెట్టింపు చేస్తే రక్తంలోనూ రెట్టింపవుతుంది. మందు ఎక్కువయ్యే కొద్దీ లివరూ కిడ్నీలూ కూడా అంతే జోరుగా దాన్ని బయటికి పంపేస్తాయి కాబట్టి. ఫెనిటాయిన్ దగ్గర ఈ సూత్రం చెల్లదు. దీన్ని విరిచేవి లివర్లో ఉండే ఎంజైములు, ముఖ్యంగా సీవైపీ2సీ9 అనేది. అవి రోజుకు ఇంత మాత్రమే విరవగలవు. చిక్కేమిటంటే, ఆ హద్దు మనం మామూలుగా మింగే డోసుకు కూతవేటు దూరంలోనే ఉంటుంది. చెరువు తూము లాంటిదనుకోండి. నీళ్ళు తక్కువగా ఉన్నంతసేపూ వచ్చిన కొద్దీ పోతుంటాయి. తూము నిండుగా పారడం మొదలయ్యాక పైనుంచి ఇంకో చిన్న కాలువ కలిసినా చాలు, మట్టం పెరుగుతూ పోతుంది.

చీటీలో ఉన్న అంకెలు ఇవీ. సగటు మనిషిలో ఆ హద్దు కిలో బరువుకు రోజుకు దాదాపు 7 మి.గ్రా. 60 కిలోల నాకు 420. క్యాప్సూల్లో ఉండేది సోడియం లవణం, అందులో అసలు ఫెనిటాయిన్ 92 శాతం. కాబట్టి నా 300 అంటే నిజానికి 276, నా 400 అంటే 368. 420లోంచి 276 తీసేస్తే ఎంజైములకు ఇంకా 144 మేర వెసులుబాటు ఉంది. 368 తీసేస్తే మిగిలేది 52. వేసుకునే మందును ఆ మిగులుతో భాగించి, 4తో గుణిస్తే (ఎంజైములు సగం జోరుమీద పనిచేసే లెవెల్ సగటున 4) లెవెల్ వస్తుంది. 300 మీద 8కి కాస్త తక్కువ. 400 మీద 28. డోసు మూడో వంతు పెరిగింది, రక్తంలో మందు మూడున్నర రెట్లు దాటింది. ఆ కాగితం చూశాక గానీ నేను మింగింది ఒక్క క్యాప్సూల్ ఎక్కువ కాదని అర్థం కాలేదు.

ఇవి సగటు అంకెలు, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. కొందరిలో సీవైపీ2సీ9 జన్యువే మందకొడి రకం, వాళ్ళకు 300 కూడా ఎక్కువే కావచ్చు. కాబట్టి దీన్ని పట్టుకుని మీ నాన్నగారి డోసు మీరే లెక్కేయకండి. లెక్క ఎటు వంగుతుందో చూపడానికి చెప్పాను, అంతే.

రెండు వారాలు బాగానే ఉన్నారన్నారు కదా, దానికీ కారణం ఇదే. రోజూ పోయేదానికంటే వచ్చేది కొంచెం ఎక్కువ. ఆ కొంచెం పోగుపడుతూ కొత్త మట్టానికి చేరడానికి వారాలు పడుతుంది, మట్టం ఎంత ఎత్తయితే అంత ఆలస్యం. డోసు పెంచిన మర్నాడు ఏమీ కాలేదు కాబట్టి పడిందిలే అనుకోవడం ఈ మందు విషయంలో పెద్ద పొరపాటు. మూడో వారంలో తూలు వచ్చేసరికి పెంచిన సంగతే మనం మరిచిపోయి ఉంటాం, చెవిలో తేడానో మెడ నరమో అని వేరే డాక్టర్ల చుట్టూ తిరుగుతాం. మీరు రెంటినీ కలిపి చూశారు, నయం.

మరి తూలడమే ఎందుకు? ఫెనిటాయిన్ పని నాడీకణాల మీద ఉండే సోడియం ద్వారాలతో. అప్పుడే ఒకసారి తెరుచుకుని, ఇంకా తేరుకోని ద్వారాన్ని ఇది పట్టుకుని కాసేపు తెరుచుకోనివ్వదు. ఫిట్స్ వచ్చేటప్పుడు కణాలు విపరీతమైన వేగంతో సంకేతాలు పంపుతుంటాయి, వాటి ద్వారాలు తేరుకోకుండానే మళ్ళీ మళ్ళీ తెరుచుకోవాలి, అందుకని ఎక్కువగా దొరికిపోయేది అవే. తీరిగ్గా పనిచేసే కణాల జోలికి పెద్దగా పోదు. 1938లో మెరిట్, పట్నం అనే ఇద్దరు దీని సంగతి ప్రకటించినప్పుడు వైద్యులకు ఆశ్చర్యం కలిగించింది ఇదే. అప్పటిదాకా ఉన్న ఫినోబార్బిటాల్ మనిషిని నిద్రపుచ్చుతూ ఫిట్స్ ఆపేది, ఇది మెలకువగా ఉంచుతూనే ఆపింది. అయితే ఆ వివేకం లెవెల్ హద్దులో ఉన్నంతవరకే. అది పెరిగితే మామూలు కణాలకూ సెగ తగులుతుంది. ముందుగా బయటపడేది నడకనీ కంటి కదలికల్నీ సర్దే చిన్నమెదడు దగ్గర.

దీనికో వరుస ఉంది. సుమారుగా 20 దాటితే కళ్ళు పక్కకి తిప్పినప్పుడు కనుగుడ్లు చివర్లో టకటకా కొట్టుకుంటాయి (డాక్టర్లు వేలు అటూ ఇటూ ఆడించి చూడమనేది ఇందుకే), 30 దాటితే తూలు, 40 దాటితే మగత, తికమక. మనుషుల్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, మీరు చెప్పిన లక్షణాలు మాత్రం ఈ వరుసలోవే.

లెవెల్ చేయించేటప్పుడు ఆల్బుమిన్ కూడా చూడమని అడగండి. ఇది చాలామంది మరిచిపోతారు. రక్తంలోని ఫెనిటాయిన్‌లో దాదాపు 90 శాతం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని ఊరికే తిరుగుతుంటుంది. పనిచేసేది విడిగా ఉన్న ఆ పది శాతమే. మామూలు పరీక్షేమో రెండూ కలిపి చెబుతుంది. పెద్దవయసులో, జబ్బుపడి నీరసించినప్పుడు, లివర్ దెబ్బతిన్నప్పుడు ఆల్బుమిన్ తగ్గుతుంది, విడి మందు వాటా పెరుగుతుంది. ఆల్బుమిన్ 2.5కి పడిపోయిన మనిషికి కాగితం మీద లెవెల్ 9 వచ్చిందనుకోండి, తక్కువుందే అనిపిస్తుంది. సవరించి చూస్తే అది 15కి సమానం. ఆ 9ని చూసి డోసు పెంచితే ఏమవుతుందో పైన చదివారుగా. కిడ్నీలు సరిగా పనిచేయని వాళ్ళలోనూ ఇదే మోసం జరుగుతుంది. రక్తం ఉదయం డోసు వేసుకోకముందే ఇవ్వడం మేలు. చివరి డోసు ఎన్నింటికి వేసుకున్నారో, మధ్యలో మానేసిన రోజులేమైనా ఉన్నాయో నిజం చెప్పండి. నాలా దాచకండి.

ఈ నెలలో ఇంకేదైనా కొత్త మందు మొదలైందా? ఇది కూడా తప్పకుండా చూడండి. క్షయకి వాడే ఐసోనియాజిడ్, ఫంగస్‌కి వాడే ఫ్లూకోనజోల్, గుండె లయకి వాడే అమియోడరోన్ లాంటివి ఆ ఎంజైముల్ని అడ్డగించి లెవెల్ పెంచేస్తాయి. ఫిట్స్‌కే వాడే సోడియం వాల్‌ప్రోయేట్ తోడైతే రెండు రకాల చిక్కు. ఆల్బుమిన్ మీద కూర్చున్న ఫెనిటాయిన్‌ని లేపేస్తుంది, విరగడాన్నీ అడ్డుతుంది. క్షయకే వాడే రిఫాంపిసిన్, పెద్ద మోతాదులో ఫోలిక్ యాసిడ్ లాంటివి తగ్గిస్తాయి. ఎసిడిటీకి తాగే యాంటాసిడ్‌ని ఇదీ ఒక మందేనా అని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ దాన్ని ఫెనిటాయిన్‌తో కలిపి తీసుకుంటే మందు సరిగా ఒంటబట్టదు. మధ్యలో కొన్ని గంటల ఎడం ఉండాలి. ఎదురు దెబ్బ కూడా ఉంది. ఫెనిటాయిన్ తన వంతుగా ఇతర మందుల్ని త్వరగా విరిచేలా లివర్ని ఎగదోస్తుంది, గర్భనిరోధక మాత్రలు దీనితో విఫలం కావచ్చు. మీ నాన్నగారికి ఆ గొడవ లేదు గానీ ఇదే మందు వాడే ఆడపిల్లలు ఎవరైనా ఇది చదివితే పనికొస్తుందని రాస్తున్నాను.

క్యాప్సూళ్ళ కంపెనీ మారిందేమో కూడా గమనించండి. 1968లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, ఏళ్ళ తరబడి అదే డోసు మీద ఉన్న రోగులు ఒకరి తర్వాత ఒకరు ఇలాగే తూలడం మొదలుపెట్టారు. ఆరా తీస్తే క్యాప్సూల్లో మందు అంతే ఉంది. దాన్ని నింపడానికి కలిపే పొడి మారింది. కాల్షియం సల్ఫేట్ తీసేసి లాక్టోజ్ వేశారు. మునుపటి పొడి మందుని కొంత ఒంటబట్టకుండా చేసేది, అది పోయేసరికి అదే క్యాప్సూల్‌లోంచి రక్తంలోకి చేరేది పెరిగింది. సూటి లెక్కలో నడిచే మందైతే ఆ తేడా కాస్తలో పోయేది, తూము నిండుగా పారుతున్న చోట అదే మునకయింది. క్యాప్సూల్ మింగలేక సిరప్‌కి మారేవాళ్ళకూ ఇలాంటి ప్రమాదమే. సిరప్‌లో ఉండేది లవణం కాదు, అసలు ఫెనిటాయినే, అంటే మి.గ్రా.కి మి.గ్రా. పోలిస్తే 8 శాతం ఎక్కువ. పైగా సీసా బాగా కుదపకపోతే పైన పలచన, అడుగున చిక్కన.

ఇప్పుడు మీ నాన్నగారికి ఏం చేస్తారంటే, లెవెల్ ఎక్కువని తేలితే బహుశా ఒకటి రెండు డోసులు ఆపించి, లెవెల్ మరీ పడిపోకముందే తక్కువ డోసుతో మళ్ళీ మొదలుపెడతారు. నేను చేసిన పనికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. వాళ్ళు ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో తెలిసి ఆపుతారు. ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. ఆ తర్వాత పెంచాల్సి వస్తే వందలు వందలుగా కాదు. డాక్టర్లు సాధారణంగా పాటించే పద్ధతి ఏమిటంటే, లెవెల్ 7 కంటే తక్కువుంటేనే ఒకేసారి 100 పెంచడం, 7 నుంచి 12 మధ్య ఉంటే 50, 12 దాటాక 30. నాకు 300కి 50 మాత్రమే కలిపారు. మూడు వారాలాగి చూస్తే 13 వచ్చింది. ఆ 350 మీదే ఉన్నాను, ఆరేళ్ళుగా ఫిట్స్ లేదు. చిగుళ్ళు కాస్త ఉబ్బాయి, ఎముకల కోసం విటమిన్ డి వేసుకుంటున్నాను. గోడ పట్టుకోకుండానే నడుస్తున్నాను.