షబ్బాత్ భోజనానికి పిలిచారు, వెళ్ళొచ్చా? బాత్రూం లైటు ఆర్పేసిన మనిషి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి మూడు నెలలైంది, టీమ్‌లో ఒక యూదు కొలీగ్ శుక్రవారం రాత్రి షబ్బాత్ (వాళ్ళ వారాంతపు విశ్రాంతి రోజు) భోజనానికీ మర్నాడు పొద్దున సినగాగ్‌కీ (వాళ్ళ ప్రార్థన మందిరానికీ) రమ్మన్నాడు. మీరు హిందువులు, పైగా శాకాహారులు. వెళ్ళొచ్చా, ఏం తీసుకెళ్ళాలి, అక్కడ ఏం చేస్తారు అని.

శుభ్రంగా వెళ్ళొచ్చు. వాళ్ళు మతం మార్చడానికి ఎవరినీ పిలవరు. మారతామని తమంతట తాము వచ్చినవాళ్ళని కూడా మొదట వెనక్కి పంపడమే రబ్బీల (వాళ్ళ మత గురువుల) ఆనవాయితీ. ఆ టెన్షన్ వదిలేయండి.

మేం హైలాండ్ పార్క్‌లో ఆరేళ్ళు అద్దెకున్నాం. ఎడిసన్ పక్కనే, రారిటన్ నదికి ఇవతల, న్యూ బ్రన్స్‌విక్‌కి ఎదురుగా ఉండే చిన్న ఊరు. పైన మేము, కింద ఇంటివాళ్ళు. భార్యాభర్తలు, నలుగురు పిల్లలు, ఆయన తల్లి. ఆర్థడాక్స్ కుటుంబం, అంటే నియమాలన్నీ కచ్చితంగా పాటించే రకం. వాళ్ళింట్లో ఎన్ని శుక్రవారాలు తిన్నానో లెక్కలేదు, ఎన్ని తప్పులు చేశానో మాత్రం గుర్తుంది.

ముందు మీ కొలీగ్‌ని ఒక్కమాట అడగండి, మీది ఏ రకం సినగాగ్ అని. రిఫార్మ్ వాళ్ళయితే ఆడా మగా కలిసే కూర్చుంటారు, మైకు ఉంటుంది, కొన్నిచోట్ల గిటారు కూడా. అమెరికాలో 1972లోనే వాళ్ళ దగ్గర ఒక మహిళ రబ్బీ అయ్యారు. కన్జర్వేటివ్ వాళ్ళు షబ్బాత్ నాడు సినగాగ్‌కి కారులో వెళ్ళొచ్చని 1950లో ఒప్పుకున్నారు. ఆర్థడాక్స్ వాళ్ళకి ఇవేవీ లేవు. నేను చూసింది ఆర్థడాక్స్ వాళ్ళనే కాబట్టి కింద రాసేదంతా వాళ్ళ గురించే.

షబ్బాత్ మొదలయ్యే టైం మన పంచాంగంలో వర్జ్యంలా నిమిషాలతో సహా ఉంటుంది. శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఇంటావిడ కొవ్వొత్తులు వెలిగిస్తుంది. ఇక్కడ డిసెంబరులో అది సాయంత్రం నాలుగుంబావు, జూన్‌లో ఎనిమిది దాటాక. అందుకే చలికాలంలో మీ కొలీగ్ రెండింటికే లాప్‌టాప్ మూసేసి పరిగెత్తేది. అక్కణ్ణుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటలు, 39 రకాల పనులు నిషేధం. మోషే కాలంలో ప్రత్యక్ష గుడారం (ఎడారిలో మోసుకెళ్ళిన గుడి) కట్టడానికి చేసిన పనులవి అంటారు. పని అంటే చెమటోడ్చడం అనుకోకండి. ఇంట్లో బరువైన బల్ల ఎత్తి పక్కకి జరపొచ్చు, కాగితం ముక్క మాత్రం చింపకూడదు. రాయకూడదు, వండకూడదు, నిప్పు రాజేయకూడదు, ఆర్పకూడదు. కరెంటు స్విచ్చి కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు నా బాత్రూం కథ. మొదటిసారి భోజనానికి వెళ్ళినప్పుడు మధ్యలో లేచి బాత్రూంకి వెళ్ళాను. టిష్యూ చుట్టలు లేవు, ముందే చింపిన కాగితాలు డబ్బాలో పెట్టి ఉన్నాయి. వింతగా ఉందే అనుకుంటూ బయటికొచ్చి, టక్కున లైటు ఆర్పేశాను. గదిలోంచి వస్తూ లైటు ఆర్పకపోతే మా నాన్న మొట్టికాయ వేసేవాడు. ముప్పై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా? కాసేపటికి వాళ్ళ మూడో పిల్ల బాత్రూం గుమ్మం దాకా వెళ్ళి, చీకటి చూసి, అక్కడే నిలబడి "అమ్మా" అంది. బల్ల చుట్టూ పదిమందిమి. ఎవరూ ఏమీ అనలేదు. పిల్లలు నలుగురూ నా వైపే చూస్తున్నారు. అప్పుడు మామ్మగారు సూప్ తాగుతూ, తల ఎత్తకుండానే, "నీ చేతికి బీట్‌రూట్ అంటినట్టుంది, కడుక్కోవాలేమో" అంది. నా చేతికి ఏమీ లేదు. రెండు క్షణాలు పట్టింది నాకు బల్బు వెలగడానికి. వెళ్ళి, లైటు వేసుకుని, చేతులు కడుక్కుని, ఈసారి ఆర్పకుండా వచ్చాను. యూదురాలిని కాని నేను నా అవసరం కోసం వేసుకున్న లైటు వెలుతురు వాళ్ళు వాడుకోవచ్చు, వాళ్ళ కోసం వేసిపెట్టమని మాత్రం నన్ను అడగకూడదట. ఇదంతా ఆదివారం ఇంటావిడ చెబితే తెలిసింది. మీరు మాత్రం ఆ ఇంట్లో ఏ స్విచ్చీ ముట్టుకోకండి. కాలింగ్ బెల్ కూడా నొక్కొద్దు, తలుపు తట్టండి.

ఏం తీసుకెళ్ళాలంటే, ఇంట్లో వండినది ఏదీ వద్దు. నేను స్టీలు డబ్బా నిండా పులిహోర పట్టుకెళ్ళాను. ఇంటావిడ నవ్వుతూ అందుకుని, వంటింట్లోకి కాకుండా గుమ్మం పక్కన చిన్న బల్ల మీద పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది. శాకాహారమే కదా అని నేను, మన గిన్నెలూ పొయ్యీ కోషర్ (వాళ్ళ ఆహార నియమాలకి సరిపడేవి) కాదుగా అని వాళ్ళు. నాకేం కోపం రాలేదు. మా నాయనమ్మ మడి కట్టుకున్నాక సొంత కూతురు ముట్టుకున్న మంచినీళ్ళు కూడా తాగేది కాదు, ఆవిడ చేతికింద పెరిగినదాన్ని. మీరు సీలు తీయని చాక్లెట్ పెట్టె తీసుకెళ్ళండి, వృత్తంలో యూ అక్షరం ఉన్న కోషర్ గుర్తు చూసి. దాంతోపాటు "పరేవ్" అని రాసి ఉంటే ఇంకా మంచిది, అంటే అందులో పాలూ లేవు మాంసమూ లేదు. మాంసం తిన్న పూట వాళ్ళు పాల పదార్థం ముట్టరు. పువ్వులయితే శుక్రవారం చీకటి పడకముందే, నీళ్ళు పోసిన కూజాలో పెట్టి ఇచ్చేయండి. వైన్ జోలికి పోకండి, బల్ల మీదున్న సీసా ఎత్తి పక్కవాళ్ళకి పోయకండి కూడా. కొన్ని రకాల వైన్ మనం ముట్టుకుంటే వాళ్ళు తాగరు. పాపం, ఆ మాట మన మొహాన చెప్పలేక ఇబ్బంది పడతారు.

శాకాహారులమని ముందే చెప్పండి. బంగాళదుంప కుగెల్, వంకాయ సలాడ్, హమ్మస్, బోలెడు ఉంటాయి. క్యారెట్ ముక్కలు తేలుతున్నాయి కదా అని సూప్ మాత్రం తాగకండి, అది కోడి రసం.

భోజనానికి ముందు తండ్రి ఒక్కో పిల్లవాడి తల మీద రెండు చేతులూ పెట్టి దీవిస్తాడు. పదిహేనేళ్ళ కుర్రాడు కూడా వచ్చి తల వంచి నిలబడతాడు. తర్వాత వైన్ గ్లాసు పట్టుకుని కిద్దుష్ అనే మంత్రం పాడతారు. ఆపైన అందరూ రెండు చెవులున్న చెంబుతో చేతుల మీద నీళ్ళు పోసుకుంటారు. చేతులు కడుక్కున్నాక హల్లా అనే రొట్టె నోట్లో పడేదాకా మాట్లాడకూడదు. అది తెలియక నేను "హల్లా మీద గుడ్డ ఎందుకు కప్పారు?" అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే అందరూ "ఊఁ ఊఁ" అని మూలుగుతూ చేతులూపారు. జవాబు తర్వాత చెప్పారు: ఎడారిలో మోషే కాలంనాటి వాళ్ళకి ఆకాశం నుంచి పడిన తిండి, అంటే మన్నా, శుక్రవారం నాడు రెండింతలు కురిసింది కాబట్టి రొట్టెలు రెండు, మన్నా మీద మంచు పొర ఉండేది కాబట్టి గుడ్డ. ఇంకో కారణం నాకు నచ్చింది. ముందు మంత్రం వైన్‌కి చదువుతారు కదా, అది చూసి రొట్టె చిన్నబుచ్చుకోకుండా కప్పుతారట.

శనివారం సినగాగ్. మన తెలుగు బైబిల్లో సమాజ మందిరం అంటారే, అదే. తొమ్మిదింటికి మొదలై పన్నెండు దాకా సాగుతుంది, కానీ జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, కాబట్టి ఆలస్యమైనా సిగ్గుపడనక్కర్లేదు. తలుపు దగ్గర గార్డు ఉంటాడు. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లో సరిగ్గా ఇలాంటి శనివారం పొద్దునే ఒకడు సినగాగ్‌లోకి వచ్చి 11 మందిని కాల్చి చంపాడు. మీ కొలీగ్‌తో కలిసే వెళ్ళండి, బ్యాక్‌ప్యాక్ వద్దు, ఫోన్ ఇంట్లోనే. మగవాళ్ళకి తల మీద పెట్టుకునే కిప్పా గుమ్మం దగ్గర బుట్టలో దొరుకుతుంది. ఆడవాళ్ళు మోచేతులు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకుంటే చాలు, చీర అయితే మరీ మంచిది. నేను చీర కట్టుకెళ్ళిన రోజు పక్కనున్న ముసలావిడ కొంగు అంచు పట్టుకుని ప్రార్థన అయ్యేదాకా వదల్లేదు.

మెఖిట్సా అనే అడ్డుతెరకి ఇవతల ఆడవాళ్ళు, అవతల మగవాళ్ళు. మధ్యలో లేచి, గూటి తెర తీసి, తోరా (వాళ్ళ మూల మత గ్రంథం) చుట్టని బయటికి తెస్తారు. వెల్వెట్ తొడుగు, వెండి కిరీటం, దానికి చిన్న గంటలు. అది మోసుకుంటూ హాలంతా తిప్పుతుంటే జనం ముందుకొచ్చి శాలువా అంచుతో తాకి ముద్దు పెట్టుకుంటారు. మా పొన్నూరులో ఉత్సవ విగ్రహం వీధిలోకొస్తే అరుగులు దిగి వచ్చే జనమే గుర్తొచ్చారు. చదవడానికి ఏడుగురిని వరుసగా పిలుస్తారు. చేత్తో రాసిన ఆ చుట్టలో అచ్చుల గుర్తులూ రాగం గుర్తులూ ఉండవు. చదివేవాడు వారమంతా సాధన చేసి రావాలి. ఒక్క అక్షరం తప్పు పలికితే కూర్చున్నవాళ్ళలోంచి నలుగురు గట్టిగా సరిదిద్దుతారు, అతను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతాడు. వేద పారాయణంలో స్వరం తప్పితే ఘనపాఠీలు ఊరుకుంటారా, అచ్చం అంతే. పదమూడేళ్ళు నిండిన కుర్రాడు మొదటిసారి చదివిన రోజయితే, అయిపోగానే అందరూ అతని మీద మెత్తటి చాక్లెట్లు విసురుతారు, అక్షింతల్లాగా. చిన్నపిల్లలు బల్లల కింద దూరి ఏరుకుంటారు.

రోగుల కోసం కూడా ప్రార్థన ఉంటుంది. మా నాన్నకి గుంటూరులో బైపాస్ జరిగిన వారం ఇంటావిడ ఆయన పేరు అడిగింది, ఆపైన "వాళ్ళమ్మ పేరు?" అంది. జబ్బుపడ్డవాళ్ళని తల్లి పేరుతోనే చెప్పుకుంటారట. మన ఫారాల్లో ఎప్పుడూ తండ్రి పేరే కదా, మా నాయనమ్మ పేరు ఎవరైనా అడగ్గా వినడం నాకు అదే మొదలు. రాసుకోకూడదు కాబట్టి ఆవిడ పెదాలతో నాలుగుసార్లు అనుకుని కంఠతా పట్టింది.

ప్రార్థన అయ్యాక కింద హాల్లో తిండి. శుక్రవారం నుంచి సన్న సెగ మీద ఉడికిన చోలెంట్ (చిక్కుడు గింజలు, బార్లీ, మాంసం, మీకు పనికిరాదు), కుగెల్, హెరింగ్ చేప. ఆ వారం ఎవరింట్లో పిల్ల పుట్టిందో, ఎవరి తండ్రి పోయి ఏడాదైందో, వాళ్ళ ఖర్చు. హుండీ ఉండదు, ఆ రోజు డబ్బు ముట్టుకోరు. అసలు కబుర్లన్నీ ఇక్కడే. ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరింట్లో బాలింత ఉంది, ఈ వారం వాళ్ళకి కూరలు ఎవరు వండి పంపాలి, అన్నీ కాగితం లేకుండానే తేలిపోతాయి.

ఇదంతా ఎలా సాధ్యమని చాలాకాలం ఆలోచించాను. నాకు తోచిన కారణం ఒక్కటే, కారు ఎక్కకూడదు. అందరూ సినగాగ్‌కి నడిచి వచ్చేంత దూరంలోనే ఇళ్ళు తీసుకోవాలి, అందుకే ఆ నాలుగు వీధుల్లో అద్దెలు మండిపోతాయి. మనవాళ్ళం ఇక్కడ గుడికి నలభై నిమిషాలు డ్రైవ్ చేసి, దండం పెట్టి, పులిహోర పొట్లం పట్టుకుని, వచ్చిన దారినే పోతాం. పక్కన నిలబడ్డవాళ్ళ పేరు తెలియదు. ఇంకో సంగతి, వాళ్ళు వీధిలో ఏ వస్తువూ మోయకూడదు, చంటిపిల్లని కూడా ఎత్తుకోకూడదు. అందుకని ఊరి చుట్టూ కరెంటు స్తంభాల మీదుగా సన్న తీగ కట్టి, లోపలంతా ఒకే ఇల్లని లెక్క వేసుకుంటారు. దాన్ని ఎరూవ్ అంటారు. ప్రతి వారం ఒకరు తిరిగి తీగ తెగలేదని చూసొస్తారు. ఒకసారి మంచు తుఫానుకి తెగింది. ఆ శనివారం వీధిలో ఒక్క స్ట్రోలర్ లేదు, చంటిపిల్లల తల్లులంతా ఇళ్ళలోనే. కింద ఇంటావిడ కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంది.

నాకు నచ్చనివీ ఉన్నాయి. తెర వెనక నుంచి సగం కనపడదు, వినపడదు. పిల్లల మత పాఠశాలల ఫీజులు వింటే కళ్ళు తిరుగుతాయి, కింద ఆయన రెండు ఉద్యోగాలు చేసేవాడు. అందరికీ అందరి సంగతులూ తెలుస్తాయంటే, అదీ ఒక బాధే.

అన్నట్టు, మాది తెలుగు అని చెప్పగానే మామ్మగారు "మీ దగ్గర తెలుగు మాట్లాడే యూదులున్నారట కదా" అని అడిగింది. గుంటూరు నుంచి పొన్నూరు బస్సులో చేబ్రోలు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో! ఆ చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే వాళ్ళున్నారనీ, చిన్న సినగాగ్ కట్టుకుని షబ్బాత్ పాటిస్తారనీ న్యూజెర్సీలో ఒక ముసలావిడ చెబితే తెలిసింది నాకు.

వీలైతే శనివారం రాత్రి హవ్దలా (షబ్బాత్‌ని సాగనంపే తంతు) దాకా ఉండండి, పది నిమిషాల పని. జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగిస్తారు, లవంగాల డబ్బా చేతులు మారుతుంది, అందరూ వాసన చూస్తారు. ఆ వెలుగులో వేళ్ళు ముడిచి గోళ్ళు చూసుకుంటారు. కొవ్వొత్తిని వైన్‌లో ముంచి ఆర్పగానే పక్క గదిలో ఫోన్లన్నీ మొదలు.

తిరిగి వాళ్ళని పిలవాలనుంటే పేపర్ ప్లేట్లు, కొత్త కత్తి, కోయని పళ్ళు పెట్టుకోండి. మా ఇంట్లో వాళ్ళు తిన్నది మామిడిపళ్ళే. ఇక ఎన్నింటికి రావాలో, ఇల్లెక్కడో గురువారమే అడిగి రాసుకోండి. శుక్రవారం చీకటి పడ్డాక దారి తప్పి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.