ఒప్పందం కాపీతో పాటు చెరువు నక్ష కూడా అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ మున్సిపాలిటీ ఒక ప్రకృతి పరిరక్షణ సంస్థతో మూడేళ్ల ఒప్పందం చేసుకుంటోంది. ఊరు పెరగాలి, చెరువులూ చెట్లూ మిగలాలి అంటున్నారు. మీ వార్డు నుంచి మిమ్మల్ని కూడా కమిటీలోకి రమ్మన్నారు. ఇదంతా ఫొటోల కోసమేనా, నిజంగా ఏమైనా జరుగుతుందా, వెళ్లాలా వద్దా అని అడిగారు.

వెళ్లండి. తప్పకుండా వెళ్లండి. కానీ మొదటి మీటింగ్‌కే కొన్ని కాగితాలు అడగడానికి సిద్ధపడి వెళ్లండి. ఎందుకు చెప్తున్నానంటే నేను ఇలాంటి పనిలోనే మూడేళ్లు ఉన్నాను. మొదటి ఏడాదిన్నర ఏం అడగాలో మాకు తెలియకనే పోయింది.

నాది హన్మకొండ. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను. అప్పట్లో నా పోస్టింగ్ ఉత్తర తెలంగాణలోనే ఇంకో చిన్న మున్సిపాలిటీలో ఉండేది. ఆ ఊరి పేరు, ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. అక్కడ ఎన్‌ఎస్‌ఎస్ బాధ్యత నాదే కాబట్టి పిల్లల్ని తీసుకుని రమ్మన్నారు, అలా చేరాను.

దానికి ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. 2020 ఆగస్టు వానలకు హన్మకొండలో చాలా కాలనీలు మునిగాయి. మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. మా అత్తమ్మను పక్కింటి మేడ మీదికి ఎక్కించి, రెండు రోజులు అక్కడే ఉన్నాం. బియ్యం, కుట్టుమిషన్, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ తడిసిపోయాయి. నీళ్లు తీశాక ఒక మిత్రుడు పాత గ్రామ నక్ష (ఊరి రెవెన్యూ మ్యాప్) జిరాక్స్ తెచ్చి చూపించాడు. మా రిజిస్ట్రేషన్ కాగితంలో తూర్పు హద్దు ‘30 అడుగుల రోడ్డు’ అని ఉంది. నక్షలో సరిగ్గా అదే గీత మీద ‘ఒర్రె’ అని ఉంది. పైన కుంట నిండి మత్తడి (అలుగు) దుంకితే నీళ్లు కింది చెరువుకు పోయే దారి అది. ప్లాటు కొన్నప్పుడు లింకు డాక్యుమెంట్లు చూశాం, ఈసీ తీశాం, వాస్తు చూశాం. నక్ష చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. 2023 జులైలో మళ్లీ అదే జరిగింది. ఆ వానలకే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అందుకే చెరువు గురించి ఎవరు మాట్లాడినా నేను మొదట అడిగేది చెట్ల గురించి కాదు, నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతాయని.

మన వైపు చెరువులు ఒంటరిగా ఉండవు. కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కిందిదానికి, అది నిండితే ఇంకో దానికి. మధ్యలో ఒక ఒర్రె మూసేస్తే కింది చెరువు ఎండుతుంది, పై కాలనీ మునుగుతుంది. రెండూ ఒకే కారణం వల్ల జరుగుతాయి, కానీ ఎండినప్పుడు ఒక ఆఫీసుకు, మునిగినప్పుడు ఇంకో ఆఫీసుకు దరఖాస్తు పెడతాం.

ఆ చిన్న ఊళ్లో ఏం జరిగిందంటే, మొదటి ఏడాది పనులన్నీ కట్ట మీదే. వాకింగ్ ట్రాక్, లైట్లు, బెంచీలు, మొక్కలు. మొక్కల్లో సగం కోనోకార్పస్. తొందరగా పచ్చగా కనిపిస్తుందని పెట్టారు. ఇది మన నేల చెట్టు కాదని నేనూ చెప్పాను, సంస్థ వాళ్లూ చెప్పారు, ఎవరూ వినలేదు. తర్వాత ప్రభుత్వమే ఆ మొక్క నాటొద్దంది, అప్పుడు పీకారు. పడమటి ఒడ్డున ఏటవాలుగా ఉన్న నేలను ‘పిచ్చి మొక్కలు’ అని చదును చేసి రాతి కట్టడం కట్టబోయారు. ఆ పిచ్చి మొక్కలేమిటో తెలుసా? గునుగు, తంగేడు, నీటి అంచున తుంగ. బతుకమ్మకు ఊరంతా పూలు కోసుకునేది అక్కడే. బుడుబుంగలు గూడు కట్టేది ఆ తుంగలోనే.

అక్కడ ఆ సంస్థ మనిషి ఒకావిడ గట్టిగా నిలబడింది. నిటారు గోడ కడితే నీళ్లకూ నేలకూ మధ్య ఉండే తడి అంచు పోతుంది, చేప గుడ్డు పెట్టేది, కొంగ నిలబడేది ఆ అంచులోనే అని ఇంజనీర్లకు ఓపికగా చెప్పింది. ఆమె మాట సగం నెగ్గింది. పడమటి ఒడ్డు మిగిలింది, తూర్పున గోడా రెయిలింగూ వచ్చాయి. ఆ ఏడాది సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు తూర్పు వైపు రెయిలింగ్ దగ్గరికి వచ్చి నిలబడిపోయారు, నీళ్లలోకి దిగే మెట్లు లేవు. బతుకమ్మలను రెయిలింగ్ మీదుగా చేతులు చాపి వదలాల్సి వచ్చింది. కమిటీలో ఆడవాళ్లు ఇద్దరమే ఉన్నాం, మాకు కూడా డిజైన్ చూపించలేదు. మీరు కమిటీలో కూర్చుంటే డిజైన్ కాగితం మీద సంతకం కాకముందే చూపించమనండి.

అసలు పని రెండో ఏడు మొదలైంది. ఆ సంస్థ వాళ్లు పాత గ్రామ నక్షను ఉపగ్రహ చిత్రం మీద పరిచి ఒక మ్యాప్ తయారు చేశారు. ఆ మ్యాప్ పట్టుకుని, ఊళ్లో ఒకప్పుడు నీరటి పని, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే పని చేసిన పెద్దమనిషిని వెంట తీసుకుని, మా పిల్లలు ఇరవై మంది, ఒక సర్వేయర్ మూడు ఆదివారాలు నడిచారు. పెద్దమనిషికి మ్యాప్ అక్కర్లేదు. ‘ఈడ తూము, ఆడికి పారకం, గా కల్లు దుకాణం కింద ఒర్రె’ అని కర్రతో చూపిస్తూ పోయాడు. మ్యాప్‌లో లేని రెండు చిన్న కాలువలు ఆయన చెప్తేనే దొరికాయి. పైపుల్లో మురుగు ఎక్కడెక్కడ కలుస్తోందో పిల్లలు గుర్తులు పెట్టారు. మూడేళ్లలో నేను చూసిన మంచి పని అదే అంటాను.

మురుగు సంగతి విడిగా చెప్పాలి. గుర్రపుడెక్క తీయించడానికి ప్రతి ఏడూ డబ్బు ఖర్చు పెడతారు, మళ్లీ పెరుగుతుంది. అది పెరిగేది మురుగులో వచ్చే నత్రజని, భాస్వరం తిని. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది, గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మురుగు ఆపకుండా డెక్క తీయడం అంటే కారుతున్న కుండ కింద తుడుస్తూ కూర్చోవడమే. ఒక వేసవిలో తెల్లవారేసరికి చెరువు నిండా చేపలు తేలాయి. మత్స్య సహకార సంఘం వాళ్లకు ఆ ఏటి కష్టమంతా పోయింది. సంస్థ వాళ్లు మీటర్ తెచ్చి నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచారు. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మా దగ్గర తెల్లవారుజామున దానికి చాలా తక్కువ వచ్చింది. అప్పటిదాకా ఒప్పందంలో చేపలు పట్టేవాళ్ల పేరే లేదు! చెరువును రోజూ చూసేది వాళ్లు, నీళ్లు వాసన మారితే మొదట తెలిసేది వాళ్లకు. ఆ రోజు తర్వాతే సంఘం నుంచి ఒకరిని కమిటీలోకి తీసుకున్నారు.

శిఖం భూముల దగ్గర, అంటే చెరువు నీళ్లు నిలిచే పరిధిలోని భూముల దగ్గర తొందరపడొద్దు. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) అనగానే లోపల ఉన్నవాళ్లంతా కబ్జాదారులని అనుకుంటారు. కాదు. శిఖం పట్టా ఉన్న రైతులు ఉంటారు, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు తాతల నాటి నుంచి వాళ్లది. ఆ ఊళ్లో హద్దు రాళ్లు పాతే రోజు వాళ్లకు ముందు చెప్పలేదు. పెద్ద గొడవైంది, రాళ్లు పీకేశారు, ఎనిమిది నెలలు పని ఆగింది. తర్వాత ఇంటింటికీ వెళ్లి, పట్టా రద్దు చేయడం కాదు, మట్టి పోసి ప్లాట్లు చేయొద్దంటున్నామని చెప్తే చాలామంది ఒప్పుకున్నారు. ముందే వెళ్లాల్సింది.

ఇక నిజంగా ఏం మారుతుంది అన్న మీ ప్రశ్నకు వస్తాను. ఊరు ఎటు పెరగాలో తేలేది చెరువు కట్ట మీద కాదు, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో లేఅవుట్ ఫైలు కదిలే టేబుల్ మీద. సంస్థ తయారు చేసిన మ్యాప్ ఆ టేబుల్ దాకా వెళ్తే ఊరికి మేలు జరుగుతుంది, వెళ్లకపోతే కట్ట మీద మొక్కలు మిగులుతాయి. నిబంధన కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లోనే, జీవో 168లో ఉంది. ఎఫ్‌టీఎల్ లోపల కట్టడం కూడదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. కానీ ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో కాగితం మీద లేకపోతే 30 మీటర్లు ఎక్కడినుంచి కొలుస్తారు? మా దగ్గర మూడో ఏట ఆ మ్యాప్‌ను కౌన్సిల్ తీర్మానంతో టౌన్ ప్లానింగ్‌కు పంపారు. నాకు తెలిసి రెండు లేఅవుట్లలో ఒర్రెను వదిలి రోడ్డు మార్చి గీయించారు. రెండే. కానీ అక్కడ ఇల్లు కట్టుకునే వాళ్లలో ఎవరి అత్తమ్మనూ రాత్రిపూట పక్కింటి మేడ ఎక్కించాల్సిన పని రాదు.

మూడేళ్లయ్యాక సంస్థ వెళ్లిపోయింది, నిధులు అయిపోయాయి. ఆక్సిజన్ మీటర్ మా కాలేజీ ల్యాబ్‌లో పెట్టారు. నేను ఉన్నన్ని రోజులు పిల్లలతో నెలనెలా కొలిపించాను. నాకు బదిలీ అయ్యాక అది ఆగిపోయింది. నాలుగో ఏట ఎవరు చూస్తారో ఒప్పందంలో ఒక్క వాక్యం లేదు. ఈ విషయంలో మన పాతవాళ్లు మనకన్నా జాగ్రత్తపరులు. చెరువు తవ్వించి కాపాడే వాళ్లకు దశబంధం కింద భూమిలోనో పంటలోనో పదోవంతు రాసి ఇచ్చేవాళ్లు. కట్ట తెగితే పూడ్చడం, తూము బాగుచేయడం ఎవరి బాధ్యతో, దానికి బదులుగా వాళ్లకు ఏం వస్తుందో ముందే తేలిపోయేది. గణపతిదేవుడి కాలం నాటి పాఖాల, రామప్ప చెరువులు 800 ఏళ్ల తర్వాత కూడా పొలాలకు నీళ్లిస్తున్నాయంటే కట్ట గట్టిదనం ఒక్కటే కారణమని నేను అనుకోను.

ఇప్పుడు ఆ పదోవంతు ఎక్కడుందంటే, ఒక రకంగా చట్టంలోనే ఉంది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. అదే చట్టం కింద ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి, యువకులకు, మహిళలకు, పెద్దవాళ్లకు, ప్రముఖులకు అని. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊళ్లో ఉన్న చెట్టూ పిట్టా చేపా రాసిపెట్టే రిజిస్టర్ ఉండాలి. చాలా చోట్ల ఇది పేరుకే ఉంటుంది. సంస్థ వచ్చినప్పుడు కొత్త కమిటీ ఒకటి వేసే బదులు దీన్నే నిలబెట్టమని అడగండి. సంస్థ వెళ్లిపోయినా చట్టం కింద ఉన్న కమిటీ ఉంటుంది. సంస్థ వాళ్లు కూడా సంతోషిస్తారు, నేను చూసినంతలో వాళ్లకు కావలసింది కూడా అదే, స్థానికంగా పట్టించుకునే మనుషులు.

మీరు టీచరో, వ్యాపారో రాయలేదు. ఎవరైనా సరే, ‘నాకు చెరువు గురించి ఏం తెలుసు’ అని టెన్షన్ పడొద్దు. మొదటి మీటింగ్‌లో నాకూ ఏమీ తెలియదు. ఈ వారమే రెండు పనులు చేయండి. మీ ఊళ్లో చెరువు నీళ్లు వదిలిన పాత నీరటి కుటుంబం ఎక్కడుందో కనుక్కుని, పెద్దవాళ్లు ఉంటే వెళ్లి కూర్చోండి. రెండోది, సమాచార హక్కు కింద మున్సిపాలిటీకి ఒక దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒప్పందం పూర్తి కాపీ, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుల మ్యాప్, గత రెండేళ్ల గ్రీన్ బడ్జెట్ ఖర్చు వివరాలు అడగండి. గ్రామ నక్ష కోసం విడిగా తహసీల్దార్ ఆఫీసులో అడగాలి.

ఒప్పందం కాపీ చేతికి వచ్చాక నాలుగో ఏడాది నిర్వహణ ఎవరిది, మ్యాప్ టౌన్ ప్లానింగ్‌కు వెళ్తుందా అన్న రెండూ ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. కనిపించకపోతే సంబంధిత పేజీలు ఇక్కడ పెట్టండి, చదివి ఏ వాక్యం చేర్చమని అడగాలో రాస్తాను.