దత్తతకు ముందు తీర్చాల్సింది రెండు రూపాయల వడ్డీ అప్పు

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్కారం. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. మా వారికి 39 ఏళ్ళు, నాకు 36. ఆయన రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్, చేతికి 38,000 వస్తుంది. నేను ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నా జీతం 11,000. పాపకి ఏడేళ్ళు. ఆ తర్వాత నాకు మళ్ళీ నెల తప్పలేదు. డాక్టర్లు ఐవీఎఫ్ అన్నారు. మేం కథోలికులం, శ్రీసభ, అంటే మా చర్చి, దాన్ని ఒప్పుకోదు, మాకూ మనసు లేదు. ఒక బిడ్డను దత్తత తెచ్చుకుందామని ఇద్దరం అనుకున్నాం. ఎఫ్‌డీ 3 లక్షలు ఉంది. చెరువులో వాటా కోసం నిరుడు తెచ్చిన లక్షన్నర అప్పు రెండు రూపాయల వడ్డీ మీద నడుస్తోంది. ఏటా 24,000 కట్టే 5 లక్షల ఎల్ఐసీ పాలసీ, నెలకు 5,000 చీటీ, పాప పేరున నెలకు 1,000 సుకన్య ఖాతా ఉన్నాయి. ఇంటి ఖర్చు 32,000. ఎకరం కొబ్బరి తోట మామయ్య గారు కొన్నది, ఆయన పేరునే ఉంది. అత్తయ్య గారు "ఎవరి బిడ్డకో తోట రాసిస్తారా?" అంటున్నారు. మా బంధువు ఒకాయనేమో నాలుగు లక్షలిస్తే ఆసుపత్రి నుంచే నేరుగా బిడ్డను ఇప్పిస్తానంటున్నాడు. నా నగలు కుదువ పెట్టి ఇచ్చెయ్యమంటారా? అసలు మా జీతాలకి ఇద్దరు పిల్లలు అయ్యే పనేనా?

జవాబు: చెల్లెమ్మా, చివరి మాట ముందు తీసుకుంటాను. అయ్యే పనే. నగలు మాత్రం పెట్టెలోంచి తీయకండి.

ఆ నాలుగు లక్షల సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. అది దత్తత కాదు, కొనుగోలు. పిల్లల్ని కొన్నా అమ్మినా బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. కొన్నవాళ్ళకీ అదే శిక్ష. ఆసుపత్రి కాగితాల్లో మీరే కన్నట్టు రాయిస్తే అది ఇంకో నేరం. ఎప్పుడో విషయం బయటపడి, రెండేళ్ళు మీ ఒళ్ళో పెరిగిన బిడ్డను అధికారులు తీసుకుపోతే ఆ నష్టాన్ని నేను ఏ లెక్కలో వేయను? నోటరీ చేయించిన స్టాంపు పేపరు దత్తతలు మన వైపు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. వాటికీ విలువ లేదు. ఆ బంధువుతో ఫోనులో కూడా బేరం మాట్లాడకండి.

మీకున్న దారి కారా, అంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ. ఒకప్పుడు క్రైస్తవులకు పూర్తి దత్తత హక్కు ఉండేది కాదు. 1956 నాటి దత్తత చట్టం హిందువులకే. మీలాంటివాళ్ళు 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా ఉండగలిగేవారు, అంతే. బిడ్డ మేజరు కాగానే ఆ బంధం కాగితం మీద ముగిసిపోయేది. బాల న్యాయ చట్టం వచ్చాక ఏ మతం వాళ్ళయినా ఆ దారిలో దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టర్. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు, వకీలు ఫీజు అక్కర్లేదు. "మనవాళ్ళ సిస్టర్స్ దగ్గరికి వెళ్ళి అడిగితే ఇవ్వరా?" అని కథోలిక కుటుంబాలు నన్ను తరచూ అడుగుతుంటాయి. అనాథాశ్రమం ఎవరు నడిపినా బిడ్డను నేరుగా మీ చేతికి ఇచ్చే వీల్లేదు.

అర్హత చూస్తే మీ ఇద్దరి వయసులూ కలిపి 75. రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే ఆ మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకైతే 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకైతే 100. ఏడాది గడిస్తే మీ లెక్కలో ఒకటి కాదు, రెండు కలుస్తాయని గుర్తుంచుకోండి. జీతం ఇంత ఉండాలని నియమమేమీ లేదు. పోషించగలరా లేదా అన్నది ఇంటికొచ్చి చూస్తారు.

ఇక ఖర్చు. ఇంటి పరిశీలన నివేదికకు 6,000. బిడ్డను ఇచ్చే సంస్థకు 50,000. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసి వెళ్తారు, ఒక్కో రాకకు 2,000 చొప్పున 8,000. మొత్తం 64,000. ఇంతకు మించి ఎవరు అడిగినా రసీదు అడగండి.

చిన్న బిడ్డ కోసం వరుసలో సుమారు మూడేళ్ళు ఎదురుచూడాల్సి వస్తోంది. ఆ మాట వినగానే చాలామంది దిగులుపడతారు. నాకు మాత్రం అందులో మీ డబ్బు సర్దుకోవడానికి దొరికిన వ్యవధి కనిపిస్తోంది.

మీ అప్పు చూడండి. లక్షన్నరకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. అదే లక్షన్నర ఎఫ్‌డీలో ఉంటే ఏడాదికి పది వేలు రావడమే గొప్ప. ఎఫ్‌డీ ముట్టుకోకుండా అప్పు మోయడాన్ని మన వైపు పొదుపు అంటారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ నెలలోనే ఎఫ్‌డీలో సగం తీసి ఆ అప్పు తీర్చండి, ప్రోనోటు వెనక్కి తీసుకుని చించేయండి. వడ్డీకి పోయే 3,000ను పోస్టాఫీసు ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతాలో వేయండి. 36 నెలల్లో 1,08,000 అవుతుంది, వడ్డీ లెక్క వేయకుండానే. దత్తత ఖర్చు 64,000 పోను 44,000 మిగులుతుంది. అంటే బిడ్డ కోసం మీరు కొత్తగా రూపాయి కూడబెట్టక్కర్లేదు, షావుకారుకు ఇచ్చేది ఆపితే చాలు.

చెరువు వాటా గురించి ఒక మాట. దాన్ని అమ్మేయమనను. కానీ దాని మీద వచ్చేదాన్ని నెల లెక్కలో వేయకండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతుల గుండెల్లో రాయి పడిన సంగతి మేత కంపెనీలో పనిచేసే మీ వారికి నేను చెప్పక్కర్లేదు. పైగా జీతమూ రొయ్య మీదే, పెట్టుబడీ రొయ్య మీదే. చెరువులకు వైట్ స్పాట్ తెగులు వస్తే రెండూ ఒకేసారి కుంటుతాయి. అందుకే ఇంకో పంటకు ఇంకో అప్పు మాత్రం వద్దు.

మిగిలిన లక్షన్నర ఎఫ్‌డీలో మూడు నెలల ఇంటి ఖర్చు, 96,000, అత్యవసర నిధిగా పక్కన పెట్టండి. ఇంకా 54,000 ఉంటుంది. ఇది మీ జీతం కోసం. దత్తత ఖర్చు అనగానే అందరూ ఫీజు అడుగుతారు, బిడ్డ వచ్చాక తల్లి ఎన్నాళ్ళు ఇంట్లో ఉండాలన్నది ఎవరూ అడగరు. మీలాంటి చిన్న ప్రైవేటు స్కూళ్ళలో సెలవు పెడితే జీతం ఉండదు. కొత్త చోటికొచ్చిన బిడ్డ రాత్రుళ్ళు నిద్రపోదు, అన్నం ముద్ద దాచుకుంటుంది, మీ పెద్దది "నన్నెందుకు ఎత్తుకోవు?" అని అలుగుతుంది. అప్పుడు మీరు నల్లబల్ల ముందు ఉండకూడదు. 54,000కు ఆర్‌డీలో మిగిలిన 44,000 కలిపితే 98,000. మీ జీతం లెక్కన దాదాపు తొమ్మిది నెలలు. ఆ అంకె నేను కావాలని పెట్టలేదు, లెక్క అలా కుదిరింది.

మీ ఇంట్లో అసలు లోటు బీమా. 38,000 తెచ్చే మనిషి ప్రాణానికి 5 లక్షల పాలసీ అంటే ఏడాది జీతం కన్నా కాస్త ఎక్కువ, అంతే. మీ వారి పేరున 60 ఏళ్ళ వయసు దాకా 75 లక్షల టర్మ్ పాలసీ, అంటే ఆ గడువులో మనిషి పోతేనే డబ్బు వచ్చే పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ కూడా లేదు. దరఖాస్తు నింపేటప్పుడే వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటున్నామని రాయించండి. 1874 నాటి చట్టం అది. దాని కింద ఉన్న పాలసీ డబ్బును అప్పులవాళ్ళు తాకలేరు. చెరువు అప్పులు తిరిగే ఊళ్ళో ఇది చాలా అవసరం. పాలసీ తీసుకున్నాక దీన్ని చేర్చడం కుదరదు.

ఇక్కడే మీలాంటివాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. ఈ చట్టం కింద రాసిన పేర్లను తర్వాత మార్చలేరు. ఇప్పుడు మీ పేరూ పాప పేరూ రాస్తే మూడేళ్ళ తర్వాత వచ్చే బిడ్డకు అందులో చోటుండదు. కాబట్టి లబ్ధిదారుగా మీ ఒక్కరి పేరే పెట్టండి. తల్లి చేతికి వస్తే ఇద్దరికీ వచ్చినట్టే.

నెలకు మీకు మిగిలే 6,000లోంచి ఈ ప్రీమియం, కంపెనీ బీమాతో సంబంధం లేని ఒక కుటుంబ ఆరోగ్య పాలసీ ప్రీమియం కట్టుకోవచ్చు. బిడ్డ ఇంటికొచ్చిన వారంలోనే బీమా కంపెనీకి రాసి పేరు చేర్పించండి. పాత ఎల్ఐసీ పాలసీని తొందరపడి సరెండర్ చేయకండి, కట్టాల్సిన ఏళ్ళు ఎన్ని మిగిలాయో నాకు రాయండి, అప్పుడు చెప్తాను. చీటీ పాట జోలికి పోకుండా చివరిదాకా ఉంచండి. వచ్చేది ఆడపిల్లే అయి పదేళ్ళ లోపుంటే ఆమెకూ సుకన్య తెరవచ్చు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు ఆ వీలుంది.

ఇప్పుడు అత్తయ్య గారి మాట. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. తోట పోతుందన్న భయం ఆవిడది, దానికి జవాబు వాదనలో లేదు, చట్టంలో ఉంది. క్రైస్తవుల ఆస్తి పంపకం 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం జరుగుతుంది. అందులో పుట్టుకతో వచ్చే వాటా అంటూ లేదు. మామయ్య గారు ఉన్నంతకాలం తోట ఆయనది, ఎవరికి రాయాలన్నది ఆయన ఇష్టం. మీ సొంత పాపకీ దాని మీద ఇవాళ హక్కు లేదు, రేపు వచ్చే బిడ్డకీ ఉండదు. ఈ ఒక్క మాట నిదానంగా చెబితే సగం గొడవ చల్లారుతుంది.

మీ వారి ఆస్తి సంగతి వేరు. ఆయన వీలునామా రాయకుండా పోతే భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు సమానంగా వెళ్తుంది. కలెక్టర్ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి దత్తత బిడ్డ మీకు పుట్టిన బిడ్డతో అన్ని విధాలా సమానమని, వీలునామా లేని వారసత్వంలో కూడా సమానమేనని బాల న్యాయ చట్టం 63వ సెక్షన్ చెబుతోంది. మీ ముగ్గురికీ తలా మూడో వంతు అన్నమాట. అయినా వీలునామా రాయమనే అంటాను. 1925 చట్టంలో దత్తత ఊసు విడిగా లేదు, రేపు ఏ దాయాదో దాన్ని పట్టుకుని పేచీ పెట్టవచ్చు. ఇద్దరు పిల్లల పేర్లూ రాసి, మీ ఇద్దరికీ ఏమైనా అయితే పిల్లల్ని ఎవరు పెంచాలో కూడా మీ వారి వీలునామాలో రాయించండి. ఇద్దరు సాక్షులు కావాలి. వీలునామాలో వాటా ఉన్నవాళ్ళు గానీ, వాళ్ళ భర్త లేదా భార్య గానీ సాక్షి సంతకం చేయకూడదు, చేస్తే ఆ వాటా పోతుంది. ఊళ్ళో చాలా వీలునామాలు ఇక్కడే చెడిపోతాయి.

నేను మీ మతం వాణ్ణి కాదు. అందుకని ఏలూరు మేత్రాసనంలో పనిచేసే నాకు తెలిసిన ఫాదర్ గారిని అడిగాను. శ్రీసభ చట్టం 110వ నియమం కూడా ఇదే మాట చెబుతుందట: దేశ చట్టం ప్రకారం దత్తత తీసుకున్న పిల్లలు ఆ తల్లిదండ్రుల పిల్లలే. జ్ఞానస్నానం రిజిస్టర్‌లో మీ పేర్లు తల్లిదండ్రులుగానే ఎక్కుతాయి. ఇద్దరు పిల్లల మధ్య అక్కాచెల్లెళ్ళ వరసో అక్కాతమ్ముళ్ళ వరసో శ్రీసభ కూడా ఒప్పుకుంటుంది, ఎంతగా అంటే దత్తత వల్ల అన్నాచెల్లెళ్ళయినవాళ్ళ మధ్య పెళ్లి చెల్లదు. 2022 జనవరిలో యేసును పెంచిన తండ్రి జోజప్ప గారి గురించి మాట్లాడుతూ పోప్ ఫ్రాన్సిస్ దత్తతను మెచ్చుకుని, దాని పద్ధతులు సులువు చేయాలని అన్నారని కూడా ఆయన గుర్తుచేశారు. అత్తయ్య గారు నా మాట వినకపోవచ్చు, మీ విచారణ గురువుల, అంటే మీ గుడి ఫాదర్ గారి, మాట వినవచ్చు. ఒక ఆదివారం పూజ అయ్యాక ఆయన్ని ఇంటికి కాఫీకి పిలవండి. పాపను కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టండి. ఇంటి పరిశీలనకు వచ్చేవాళ్ళు ఆమెతోనూ మాట్లాడతారు.

ఒక చిన్న పని ఈ వారమే చేయండి. కారా పోర్టల్‌లో పాన్ కార్డు, జీతం రుజువు, పుట్టిన తేదీ పత్రాలు, ఆరోగ్య ధ్రువపత్రం, పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు. మీ వైపు చాలామందికి గుడి రిజిస్టర్‌లో జ్ఞానస్నానం పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటుంది. ఇంటిపేరు కూడా పెళ్లికి ముందుది ఒక కార్డు మీద, తర్వాతది ఇంకో కార్డు మీద ఉంటుంది. అన్ని కాగితాలూ మంచం మీద పరిచి, మీ పేరు ఎక్కడ ఎలా ఉందో ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. తేడా ఉన్నవి మీ సేవలోనో గుడి ఆఫీసులోనో దిద్దించుకున్నాకే రిజిస్టర్ చేయండి.