చలికాలపు చక్రాలు నువ్వే మార్చాలనుకుంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

చలికాలపు టైర్లు కొన్నావనీ, వాటిని ఇంటి దగ్గర నువ్వే మార్చుకోవాలా, షాపుకు తీసుకెళ్లి డబ్బిచ్చి చేయించాలా అనీ అడిగావు. మంచు కురిసే చోట కారు నడుపుతూ ముప్పై ఏళ్లుగా ఏడాదికి రెండుసార్లు ఈ పని చూస్తున్నాను; కొన్నేళ్లు స్వయంగా చేశాను, కొన్నేళ్లు చేయించాను. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోదగిన విషయం కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా, నువ్వు కొన్నవి ఉత్త టైర్లా, లేక వేరే రిమ్ములకు ఎక్కించిన పూర్తి చక్రాలా అన్నది చూసుకో. ఉన్న రిమ్ముల మీది టైర్లను ఊడదీసి కొత్తవి ఎక్కించాలంటే యంత్రం కావాలి, ఎక్కించాక బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేయడం, చేయించాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు. ఇనుప కడ్డీలతో తంటాలు పడితే టైరు అంచు చిరిగి గాలి నిలవకుండా పోతుంది. రిమ్ములతో సహా నాలుగు చక్రాలు సిద్ధంగా ఉన్నప్పుడే ఇల్లా, షాపా అన్న ప్రశ్న వస్తుంది. నన్నడిగితే రెండో జత రిమ్ములు కొనుక్కోమనే చెబుతాను, ఎందుకంటే ఏటా రెండుసార్లు టైరును రిమ్ము నుంచి ఊడదీసి ఎక్కిస్తుంటే టైరు అంచుకు మంచిది కాదు.

ఎప్పుడు మార్చాలన్నది తొలి మంచు పడే రోజు దాకా తేల్చకుండా ఉండకు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే వేసవి టైరు రబ్బరు గట్టిపడి, పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా తయారవుతుంది. పొద్దుటి పూట చలి వరుసగా వారం రోజులు ఆ అంకె దగ్గర ఉంటే ఇక మార్చవలసిందే. మంచు పడ్డాక షాపుల ముందు బారులు తీరుతాయి, పని చేసేవాళ్ల మీద తొందర పెరుగుతుంది. ఇంట్లో చేసుకోవడంలో నాకు కనిపించే అసలు లాభం డబ్బు మిగలడం కంటే కూడా, మనకు కావలసిన రోజున తొందర లేకుండా చేసుకోగలగడమే.

అయితే అందుకు కొన్ని వసతులు ఉండి తీరాలి. కారు నిలిపే చోటు చదునుగా, గట్టిగా ఉండాలి. మట్టి నేల మీద, వాలులో, ఎండకు మెత్తబడిన తారు మీద జాకీ పెట్టవద్దు. కారుతో పాటు వచ్చే చిన్న జాకీ దారిలో పంక్చరైనప్పుడు స్టెప్నీ వేసుకోవడానికి ఇచ్చినది. నాలుగు చక్రాలూ మార్చాలంటే చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాకీ, దానికి తోడు కారు బరువును మోసే జాకీ స్టాండ్లు కొనుక్కో. వీటితో పాటు ఒక టార్క్ రెంచ్ (నట్టు బిగువు మనం పెట్టిన అంకెకు చేరగానే టిక్కుమనే పానా), ఒక ఇనుప తీగల బ్రష్షు, చక్రాలకు అడ్డు పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు కావాలి. ఒక్కో చక్రం సుమారు ఇరవై కిలోల బరువు ఉంటుంది, పెద్ద బండ్లవి ఇంకా ఎక్కువే. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఈ పనికి పూనుకోకపోవడమే మేలు.

కారును పైకి లేపే ముందు గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, లేపబోయే మూలకు ఎదురు మూలలో ఉన్న చక్రానికి రెండు వైపులా దిమ్మెలు పెట్టు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాలను మాత్రమే పట్టి ఉంచుతుంది కనుక, వెనుక భాగం లేపేటప్పుడు ముందు చక్రాలకు దిమ్మెలు మరీ ముఖ్యం. చక్రం నేల మీద ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేయి. గాలిలోకి లేచాక చేస్తే చక్రం తిరిగిపోతుంది, బలం వేసి లాగితే కారే జాకీ మీద నుంచి జారవచ్చు. జాకీ ఎక్కడ పెట్టాలో కారు పుస్తకంలో బొమ్మ ఉంటుంది, ఆ చోటు తప్ప వేరే చోట పెట్టకు. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టే అలవాటు చేసుకో. జాకీ జారినా కారు ఆ చక్రం మీద ఆగుతుంది. ఏ కారణంతోనూ, ఒక్క నిమిషానికైనా సరే, జాకీ ఒక్కటే మోస్తున్న కారు కిందికి తల గాని చెయ్యి గాని పెట్టవద్దు.

చక్రం తుప్పుతో అతుక్కుపోయి రాకపోతే జాకీ మీద ఉన్న కారును సుత్తితో బాదకు. నట్లను రెండు చుట్లు మళ్లీ పట్టించి, కారును కిందికి దించి, మెల్లగా అటూ ఇటూ ఊపితే ఎక్కువసార్లు దానంతట అదే విడివడుతుంది.

ఇక బిగించడం. చూడడానికి తేలికగా ఉంటుంది కానీ తప్పులు జరిగేది ఇక్కడే, నేనూ ఇక్కడే తప్పు చేశాను. ఒక ఏడాది చీకటి పడుతుండగా తొందరలో, హబ్ (కారుకు చక్రం ఆనే నడిమి భాగం) మీది తుప్పును గీకకుండానే చక్రం ఎక్కించి, చేతి అంచనాతో నట్లు బిగించి లేచాను. నాలుగు రోజుల తర్వాత ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. కారు పక్కకు తీసి చూస్తే ఐదు నట్లలో మూడు చేత్తో తిరిగేంత వదులుగా ఉన్నాయి. వెనుక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. రిమ్ముకూ హబ్‌కూ మధ్య చిక్కుకున్న తుప్పు పొర కారు నడుస్తుండగా నలిగి పొడి అయిపోతుంది, ఆ సందు మేరకు నట్ల బిగువు సడలిపోతుంది. అందుకే హబ్ ముఖాన్ని బ్రష్షుతో రుద్ది శుభ్రం చేశాకే కొత్త చక్రం పెట్టాలి. కారు పుస్తకం చెబితే తప్ప నట్ల మరలకు నూనె గాని గ్రీజు గాని పూయవద్దు. పొడి మరలకు ఇచ్చిన బిగువు అంకెను నూనె పూసిన మరలకు వాడితే బోల్టు అవసరానికి మించి సాగుతుంది.

నట్లన్నీ ముందు చేత్తో పట్టించు, ఆ తర్వాత పక్కపక్కవి కాకుండా ఎదురెదురుగా ఉన్నవాటిని నక్షత్రం గీసినట్టు బిగించుకుంటూ పో. చక్రం నేలకు ఆనాక టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు చేయాలి. చాలా కార్లకు ఇది 90 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, నీ కారుకు ఎంతో పుస్తకంలో చూసుకో. ఉదాహరణకు 120 న్యూటన్ మీటర్లంటే 40 సెంటీమీటర్ల పిడి చివర సుమారు 30 కిలోల బరువు వేలాడదీసినంత. టిక్కుమన్నాక ఆపేయాలి. ఆ తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి అదే అంకెకు సరిచూడాలి. ఇంట్లో మార్చుకునేవాళ్లలో చాలామంది వదిలేసేది ఈ ఒక్క పనినే. అల్లాయ్ రిమ్ములకూ ఇనుప రిమ్ములకూ కొన్ని కార్లలో బోల్టులు వేరువేరుగా ఉంటాయి, అవి రిమ్ములో కూర్చునే చోటు కొన్నింటికి శంఖాకారం, కొన్నింటికి గుండ్రం. రిమ్ముతో పాటు ఏవి వాడాలో కొన్న చోటే కనుక్కో.

టైరు పక్క మీద బాణం గుర్తు ఉంటే అది ముందుకు తిరిగే దిశ, తారుమారు చేయకు. అరగకుండా గీతల లోతు ఎక్కువ మిగిలి ఉన్న జతను వెనుకకు వేయి. గాలి ఒత్తిడి చలికి తగ్గుతుంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే దాదాపు 2 పీఎస్ఐ తగ్గినట్టే, కనుక మార్చిన రోజే చూసుకోవాలి. చక్రాల్లో ఒత్తిడి సెన్సార్లు ఉంటే కారు వాటిని కొత్తగా గుర్తించేలా చేయవలసి రావచ్చు.

షాపుకు వెళ్లడంలో చిన్నతనమేమీ లేదు. టైర్ల లోతు కొలవడం, బ్యాలెన్సింగ్ చూడడం, బ్రేకులు పరీక్షించడం వాళ్లకు రోజూ చేసే పని. వేగం పెరిగినప్పుడు స్టీరింగ్ వణుకుతుంటే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. కానీ డబ్బిచ్చాం కదా అని నిశ్చింతగా ఉండకు. ఒకసారి ఒక షాపులో గాలితో నడిచే గన్నుతో నట్లను అతిగా బిగించి పంపారు. నెల తర్వాత రాత్రివేళ పంక్చరైతే కారులోని పానాతో ఒక్క నట్టునూ కదపలేక, సాయం వచ్చేదాకా రెండు గంటలు చలిలో నిలబడ్డాను. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో చేయమని మర్యాదగా అడుగు, దగ్గర నిలబడి చూడు. దొంగలు తీయకుండా వేసే లాకింగ్ నట్టు తాళం తిరిగి ఇచ్చారో లేదో కదిలే ముందే చూసుకో. అక్కడ చేయించినా 50 కిలోమీటర్ల తర్వాతి తనిఖీ నీదే.

తీసిన చక్రాలకు ఏది ఎటువైపుదో సుద్దముక్కతో రాసి, కడిగి ఆరబెట్టి, చల్లని చీకటి గదిలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టు. రిమ్ము లేని ఉత్త టైర్లయితే నిలబెట్టి ఉంచి, అప్పుడప్పుడు కొద్దిగా తిప్పుతుండాలి.

నీ విషయంలో నా సలహా ఇది: ఈ మొదటిసారి షాపులోనే చేయించు, పక్కన నిలబడి ప్రతి అడుగూ గమనించు. ఈలోగా జాకీ స్టాండ్లు, టార్క్ రెంచ్ సమకూర్చుకో. వసంతంలో వేసవి చక్రాలు ఎక్కించేటప్పుడు పగటి వెలుతురులో, వేరే పనులేవీ పెట్టుకోకుండా, మూడు గంటలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టు. ఆ రోజు నాకు ఫోను చేస్తే వీడియోలో చూస్తూ తోడుంటాను. బిగించిన నాటి కిలోమీటర్ల అంకెను ఒక చీటీ మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించు. తనిఖీ అయ్యాకే దాన్ని తీసేయాలి.

ఇట్లు,
మీ మామయ్య