ఒక్క కథా అచ్చు కాకుండానే ఫాలోయర్లను సంపాదించాలా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కొన్నేళ్లుగా కథలు రాస్తున్నాను. పది దాకా పూర్తయిన కథలు, సగం రాసిన నవల ఉన్నాయి. ఇంతవరకూ ఏదీ అచ్చు కాలేదు. ‘ఫాలోయర్లు లేని కొత్తవాళ్ల పుస్తకం ఎవరూ వెయ్యరు, ముందు ఆన్‌లైన్‌లో పేరు తెచ్చుకో’ అని స్నేహితులు అంటున్నారు. ఆరు నెలలుగా రోజూ పోస్టులు, రీల్స్ పెడుతున్నా రెండు వందల మంది దాటలేదు. ఈ గొడవలో రాయడం దాదాపు ఆగిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. నా కథలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: ముందుగా ఒక మాట. కథలన్నీ ఇప్పుడే ఆన్‌లైన్‌లో పెట్టేయకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. అంతకంటే అత్యవసరం, ఆగిపోయిన రాత మళ్లీ మొదలవడం. రచయిత కావాలనుకునే మీకు ఆరు నెలలు రాయకపోవడమే అసలు నష్టం. రెండు వందల దగ్గర ఆగిన సంఖ్య గురించి అంత బాధ అక్కర్లేదు.

మీ స్నేహితుల మాట సగం నిజం. ఆరోగ్యం, పెట్టుబడులు, వ్యక్తిత్వ వికాసం లాంటి విషయాల మీద పుస్తకం తెచ్చేవారిని ‘మీకు ఎంతమంది ఫాలోయర్లు?’ అని ప్రచురణకర్తలు నిజంగానే అడుగుతారు. ఆ పుస్తకాలు చాలావరకు రాసిన మనిషి మీది నమ్మకంతోనే అమ్ముడవుతాయి. కథలు, నవలల సంగతి వేరు. అక్కడ ఎడిటర్ ముందు చూసేది మొదటి పేజీలు. అవి పట్టుకుంటే తర్వాతే మీరెవరో చూస్తారు. ఫాలోయర్లు ఉంటే సంతోషిస్తారు గానీ బలహీనమైన కథను ఆ సంఖ్య నిలబెట్టలేదు.

పైగా ఫాలో అయ్యేవారు, పుస్తకం కొనేవారు ఒకరే కానక్కర్లేదు. గాయని బిల్లీ ఐలిష్‌కు 2021లో ఇన్‌స్టాగ్రామ్‌లో తొమ్మిది కోట్ల మందికి పైగా ఫాలోయర్లు ఉన్నారు. ఆ ఏడాది వచ్చిన ఆమె పుస్తకం తొలి నెలల్లో అమెరికాలో దాదాపు 64 వేల ప్రతులు అమ్ముడైంది. మామూలు రచయితకు అది పెద్ద సంఖ్యే. తొమ్మిది కోట్లతో పోలిస్తే మాత్రం ఎంత తక్కువో చూడండి. ముప్పై సెకన్ల వీడియో చూసి లైక్ కొట్టిన చెయ్యి ఇరవై పేజీల కథ తెరుస్తుందన్న హామీ లేదు. మీకు కావాల్సింది చదివేవాళ్లు.

చదివేవాళ్లు ఎలా పోగవుతారో చెప్పడానికి అమెరికన్ రచయిత ఆండీ వియర్ ఉదాహరణ బాగుంటుంది. ఆయన ప్రోగ్రామర్. నవలలు అచ్చులోకి తేవాలని ప్రయత్నించి కుదరక, తన సొంత వెబ్‌సైట్‌లో ఏళ్ల తరబడి కథలు పెట్టుకుంటూ వచ్చారు. 2009 నుంచి ‘ది మార్షియన్’ అనే సైన్స్ ఫిక్షన్ నవలను అక్కడే అధ్యాయం తర్వాత అధ్యాయంగా రాశారు. అప్పటికి ఆయనకున్నది కొన్ని వేల మంది పాఠకులే. కానీ వాళ్లు సైన్స్ తప్పులు పట్టుకుని మెయిల్ చేసేంత శ్రద్ధగా చదివేవారు. అమెజాన్ ఈ-పుస్తకాల వేదిక కిండిల్‌లో పెట్టమని అడిగిందీ వాళ్లే. 2011లో అమెజాన్ అనుమతించే అతి తక్కువ ధరకు పెడితే అది అమ్మకాల్లో పైకి వెళ్లింది. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా అచ్చయింది. అలాంటి విజయం అందరికీ వస్తుందని నేను చెప్పను. ఆయన ఏళ్లపాటు రాస్తూనే ఉన్నారు, పాఠకులు ఆ రాతకోసమే వచ్చారు. మీరు గమనించాల్సింది అదే.

ఇక కథలన్నీ ఎందుకు పెట్టకూడదంటే, చాలా పత్రికలు, పోటీలు ‘ఇంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాని’ రచనలే తీసుకుంటాయి. అందరికీ కనిపించేలా సోషల్ మీడియాలోనో బ్లాగులోనో పెట్టినదాన్ని కూడా వాటిలో చాలావరకు ప్రచురితం కిందే లెక్కేస్తాయి. తర్వాత పోస్టు తీసేసినా లాభం ఉండకపోవచ్చు. ఒక్క సాయంత్రం వచ్చే యాభై లైకుల కోసం మంచి కథ మొదటి ప్రచురణ అవకాశాన్ని వదులుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. అందుకే మీ దగ్గరున్న వాటిలో మంచివి పక్కన పెట్టి పత్రికలకు పంపండి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపవచ్చో లేదో వాళ్ల నియమాల్లో ఉంటుంది, తప్పక చూడండి.

మరి ఆన్‌లైన్‌లో ఏం పెట్టాలి? దానికోసమే ప్రత్యేకంగా రాయండి. ఒక పేజీలో అయిపోయే చిన్న కథలు, చదివిన కథ ఎందుకు నచ్చిందో వివరించే నాలుగు పేరాలు, లేదా ఆన్‌లైన్‌కే అని మొదటినుంచీ నిర్ణయించుకుని రాసే సీరియల్. సీరియల్ అయితే వాట్‌ప్యాడ్, ప్రతిలిపి లాంటి వేదికలున్నాయి. అక్కడ ‘తర్వాతి భాగం ఎప్పుడు?’ అని ఒక్కరు అడిగినా అది వంద లైకుల కంటే విలువైన సమాచారం. ఏ భాగం దగ్గర పాఠకులు చదవడం ఆపేస్తున్నారో చూడండి. కథ ఎక్కడ నీరసపడిందో మొహమాటం లేకుండా తెలుస్తుంది.

రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో దానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అయినా ఏ యాప్ అయినా ‘ఎక్స్‌క్లూజివ్’ ఒప్పందం (రచన తమకు మాత్రమే ఇవ్వాలనేది) పంపితే సంతకం పెట్టే ముందు ఎంతకాలానికి, పుస్తకం, ఆడియో, సినిమా హక్కులు కూడా అందులో ఉన్నాయా అని అడగండి. అర్థం కాకపోతే తెలిసినవారికి చూపించండి.

ఇంకో జాగ్రత్త. వేదికలు మీ చేతిలో ఉండవు. గూగుల్ నడిపిన సోషల్ మీడియా వేదిక గూగుల్ ప్లస్ 2019లో మూతపడింది. ఫేస్‌బుక్ 2018లో బంధుమిత్రుల పోస్టులకు ప్రాధాన్యం పెంచింది, దాంతో ఎన్నో పేజీల పోస్టులు జనానికి చేరడం తగ్గింది. అందుకే ఇప్పటినుంచే ఒక ఈమెయిల్ న్యూస్‌లెటర్ (చిరునామా ఇచ్చిన పాఠకులకు మీరు నేరుగా మెయిల్‌లో పంపే రాత) పెట్టుకోండి. నెలకొకటి చాలు. ఏ వేదిక మారినా ఆ చిరునామాల జాబితా మీతో వస్తుంది. ముప్పై మందితో మొదలైనా ఫరవాలేదు. ఫాలోయర్లను కొనడం మాత్రం వద్దు. వాళ్లు చదవరు, మీ లెక్కలన్నీ తప్పుదారి పట్టిస్తారు.

సమయం విషయానికొస్తే, వారంలో రాతకు కేటాయించే గంటల్లో ఐదో వంతుకు మించి ప్రచారానికి ఇవ్వకండి. రీల్స్ చేయడం మీకు సహజంగా ఇష్టమైతే చేయండి, లేకపోతే నిశ్చింతగా మానేయండి. డిగ్రీ మాత్రం ఆపొద్దు. కథల మీద వచ్చే ఆదాయంతో బతకడం చాలామంది రచయితలకు ఏళ్లు పట్టే పని, కొందరికి ఎప్పటికీ కుదరదు. కంటెంట్ రైటింగ్, ఎడిటింగ్, స్క్రిప్టు పనులకు వెళ్లినప్పుడు ‘మీరు రాసినవి చూపించండి’ అంటారు. క్రమం తప్పని న్యూస్‌లెటర్, పూర్తి చేసిన ఒక సీరియల్ అక్కడ నేరుగా పనికొస్తాయి.

ఈ నెల రీల్స్ పక్కన పెట్టి ఆ పది కథలనూ మళ్లీ చదవండి. వాటిలో మూడింటిని ఎంచి, మొహమాటపడకుండా చెప్పే ఇద్దరికి చూపించి, దిద్ది పంపండి. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. ఆ లోగా సగంలో ఉన్న నవల దగ్గరికి వెళ్లండి.